భక్తా, గిటారా?

కర్ణాటక సంగీతానికి ప్రోగ్రెసివ్ రాక్ జోడించే బెంగళూరు బ్యాండు 'అగం' 2025లో తెచ్చిన ఆల్బంలో త్యాగరాజస్వామి 'మోక్షము గలదా' ఉంది. మంథనిలో మా ఇంట్లో దాని మీదే లొల్లి.

"పేరు అగం, పాటను ఆగం జేసిండ్రు. గీ మోతల భక్తేడున్నది?" అంది మా అత్తమ్మ.

"ఆ గిటారు విను నానమ్మా, ఎంత కష్టమో!" అన్నాడు మావాడు.

విన్నవాళ్లలో చాలావరకు ఈ రెండు జట్లే. భక్తీ, సంగీత జ్ఞానమూ లేనివాళ్లకు మోక్షం ఉంటుందా అనే కదా ఆ కీర్తన అడిగేది! చెరొకటి పట్టుకొని కొట్లాడితే ఎట్లా?

వాడికి అర్థం చెప్పాను. సౌండు తగ్గించి, నానమ్మ పక్కన కూర్చుని మళ్లీ పెట్టాడు. నన్నడిగితే బ్యాండుది తప్పు కాదు. పిల్లలకు మన మాటల అర్థం చెప్పని మనదే తప్పు.