ఫోటోలో చేప కలదు, పేరు లేదు

మన పిల్లలు ఆదివారమునాడు గాలములు భుజమున వేసికొని నాగావళికో, కొలాబ్ జలాశయమునకో పోవుట తప్పు కాదు. జేబులో సెల్‌ఫోను, ఆ ఫోనులో కెమేరా ఉండుటయు తప్పు కాదు. సాయంకాలమునకు వారు తెచ్చి చూపు ఫోటోలను గూర్చియే మా అభ్యంతరము. పదింటిలో తొమ్మిదింటియందు పట్టినవాని ముఖమే నిండియుండును. చేప ఒక మూల తోకయో, తలయో కనబడును. నది అసలే కనబడదు. ఆ చేప పేరేమని అడిగినచో ‘ఫిష్’ అని సమాధానము వచ్చును.

ఇది నవ్వి ఊరకుండదగిన విషయము కాదు. ఒక పూర్వచరిత్రను చదువరులకు జ్ఞప్తిచేయుచున్నాము.

ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు ఈ తీరమునకు వచ్చి, పిమ్మట ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరెను. విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపలకు బొమ్మలు వ్రాయించి, వర్ణనలు కూర్చి, 1803లో లండనునందు రెండు సంపుటములుగా ప్రకటించెను. స్థానికుల నోట విన్న తెలుగు పేర్లను ఆంగ్ల లిపిలో ఆ బొమ్మలకు చేర్చెను. వానిలో వాలుగ ఒకటి. 1851లో బ్లీకర్ అను డచ్చి పండితుడు ఆ చేప ప్రజాతికి శాస్త్రనామము పెట్టవలసివచ్చినపుడు ఆ పేరునే గ్రహించి ‘వల్లాగో’ అనెను. నేటికిని ఏ దేశమున మత్స్యశాస్త్రము చదువు విద్యార్థియైనను మన వాలుగను ‘వల్లాగో అట్టు’ అనియే వ్రాయవలెను. ఒకడు అడిగెను, ఒకడు చెప్పెను, ఒకడు బొమ్మ వ్రాసెను, కనుకనే జాలరి నోటి మాట లోకమున నిలిచినది.

మన కోరాపుట్, రాయగడ సీమలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఆ విశాఖపట్టణపు జిల్లాలోనివే. కావున ఇది పరాయివారి కథ కాదు. పరదేశి యొకడు రెండు శతాబ్దముల క్రిందట మన చేపల పేర్లకు ఇచ్చిన గౌరవమును, చేతిలో కెమేరా గల మనవారు ఈనాడు ఈయలేకపోవుచున్నారు. ఆయనకు ఒక్కొక్క బొమ్మకు చిత్రకారుడు, రాగిరేకు, ఓడప్రయాణము కావలసివచ్చినవి. మనకు ఒక్క నిమిషము చాలును.

పేర్లు నిఘంటువులలో ఉండును గదా అని కొందరందురు. తెరచి చూడుడు. పెక్కు చేపలకు ‘ఒక జాతి చేప’ అనుటకు మించి అందేమియు దొరకదు. ఏ జాతియో తెలియవలెనన్నచో పేరు తెలిసిన పెద్ద ఉండవలెను, చేప కంటికి కనబడవలెను. ఈ రెండును ఒక్కచోట కలియునది గాలము పట్టిన గట్టుననే.

మన ఇండ్ల స్థితి చదువరులకు తెలియనిది కాదు. ఇంట తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగమున ఆంగ్లము. సంతలో భాకుర అని అడిగి కొన్న చేప ఇంటికి వచ్చినపిమ్మట బొచ్చె కావలెను. రోహి శీలవతి కావలెను. బాలియా వాలుగ కావలెను. మాగుర మార్పు కావలెను. నేడు చాల ఇండ్లలో ఆ రెండవ మాట రాకుండగనే చేప పొయ్యిమీదికి పోవుచున్నది. ఒడియా పేర్లతో మనకు పేచీ లేదు. ఇరుగుపొరుగుల మాట నేర్చుట బ్రతుకుతెరువు మాత్రమే కాదు, మర్యాద కూడ. రెండవ పేరు వచ్చినందువలన నష్టము లేదు, మొదటిది పోయినందువలననే నష్టము. భాష ముందుగా పోవునది సభలయందు కాదు. పెరటిలో, వంటింటిలో, ఏటిగట్టున.

ఇక పెద్దల వాదము వేరు. కెమేరాయే ప్రాణాంతకము, దానిని నీటియొద్దకు పోనీయరాదని వారందురు. వారి భయమునకు ఆధారము లేకపోలేదు. 2025 ఆగస్టులో మన కోరాపుట్ జిల్లాలోని దుడుమ జలపాతమువద్ద, యూట్యూబునకు చిత్రములు తీయవచ్చిన యువకుడొకడు, ఎగువ మచ్ఛకుండ ఆనకట్టనుండి నీరు విడువబడగా ప్రవాహములో కొట్టుకొనిపోయెను. 2017 జూలైలో వచ్చిన వరదకు రాయగడ జిల్లాలో రైలు వంతెనయే కూలిపోయినది. వంతెన నిలువలేని నీటిలో మనుష్యుని కాళ్ళు నిలుచునా? ఎగువన వాన కురిసినదని గాని, తలుపులెత్తిరని గాని దిగువనున్న బండమీదివానికి తెలియదు.

అయినను కెమేరాను నిషేధించుట మందు కాదు. నిషేధించినచో పిల్లలు దాచుకొని కొనిపోవుదురు, అంతే. ఇచ్చట ఒక సంగతిని గమనింపవలెను. తన్ను తాను ఫోటో తీసికొనువాడు నది వెనుక కనబడుటకై నదికి వీపు త్రిప్పి నిలువవలెను. ఇంకను అందముగా రావలెనని ఒక్కొక్క అడుగు నీటివైపునకు వెనుకకు వేయును. చేపనో, నదినో తీయువాడు గట్టుననే నిలిచి నీటిని చూచుచునే యుండును. నీరు రంగు మారినను, మట్టము పెరిగినను వానికి ముందుగా తెలియును. ప్రాణమునకు ముప్పు తెచ్చునది, పేరును పోగొట్టునది రెండును ఒక్కటే: కెమేరా ఎదుటనున్నదానిని చూడక మన ముఖమును చూచుట.

కావున గాలముతోపాటు కెమేరా తప్పక పోవలెననియే మేము వాదించుచున్నాము. అది చేయవలసిన పని ఇది. చేపను తడిచేతితో పట్టవలెను. పొడిచేయి దాని మేనిజిగురును ఊడ్చివేయును. ప్రక్కగా పరుండబెట్టి, తల, రెక్కలు, తోక పూర్తిగా కనబడునట్లు, కొలతకై గాలపుకర్రను చేర్చి తీయవలెను. వానకారు గ్రుడ్లు పెట్టు కాలము. కడుపు నిండిన చేప పడినచో ఫోటో తీసి వెంటనే నీటిలో విడువవలెను. ఇంటిల్లిపాదికి చూపుకొనుటకు ఫోటో ఉన్నది గనుక చంపవలసిన పనియు లేదు. పట్టిన తావును, ఆ తరువాత అదే తావున నదిని ఒకసారి తీయవలెను. ఎన్నడైనను చేపలు చచ్చి తేలినచో, తేదీయు తావును గల ఆ పాత ఫోటోయే అధికారుల ఎదుట మనకు సాక్ష్యము.

ఫోటోక్రింద నాలుగు సంగతులు వ్రాయవలెను: తెలుగు పేరు, ఒడియా పేరు, దొరికిన తావు, తేదీ. ప్రక్కన కువి మాటలాడు కొండవాడున్నచో అతని మాటను కూడ అడిగి వ్రాయవలెను. ఈ నీటిని మనకంటె ముందు ఎరిగినవాడు అతడే.

పెద్దలకు ఒక మాట. కెమేరాను తిట్టుట సులభము. మీ మనుమడు చేప ఫోటో చూపినపుడు ‘బాగున్నది’ అని ఊరకుంటిరా, లేక ‘ఇది బొమ్మిడాయిరా’ అని చెప్పితిరా? మీకు తెలిసిన పేరు మీతోనే పోయినచో ఆ దోషము కెమేరాది కాదు.

మన సంఘము ఉగాదికి కవిసమ్మేళనములు జరుపుచున్నది, సంతోషము. ఒక్క బీరువా అరను ఈ చేపల ఫోటోలకును కేటాయింపవలెను. కాలహండి కొండలలో పుట్టిన నాగావళి రాయగడను తాకి, పార్వతీపురముమీదుగా శ్రీకాకుళపు సముద్రమునకు పోవుచున్నది. దిగువనున్నవారు మన మాటను మరచినను, ఎగువనున్న మనము మరువరాదు. వచ్చు ఆదివారము గాలము తీసికొనునపుడు కెమేరా తీసికొనుడు, కాగితమును పెన్సిలును తీసికొనుడు. గట్టు దిగకుడు. పేరు వ్రాయక ఇల్లు చేరకుడు.