విషం అడవిది, కప్పది కాదు

కొలంబియా పసిఫిక్ తీరాన, కౌకా ప్రాంతంలోని సైజా నది చుట్టుపక్కల వర్షారణ్యంలో బతికే ఒక పసుపు కప్ప పొడవు సుమారు ఐదు సెంటీమీటర్లు. పట్టపగలే నేల మీద తిరుగుతుంది, దాక్కునే అవసరం దానికి పెద్దగా లేదు. 1978లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన చార్లెస్ మయర్స్, జాన్ డాలీ, బోరిస్ మాల్కిన్ ఫిలోబేట్స్ టెర్రిబిలిస్ అని పేరు పెట్టారు. దాని చర్మంలో ఉండే బ్యాట్రాకోటాక్సిన్ అనే విషం నాడీ కణాల్లోని సోడియం ద్వారాలను తెరిచినవి తెరిచినట్టే ఉంచేస్తుంది. దాంతో నాడులు, కండరాలు విశ్రాంత స్థితికి రాలేవు, గుండె లయ తప్పి ఆగిపోతుంది. ఒక్క కప్పలోని విషం పదిమంది ప్రాణాలు తీయగలదని అంచనా. అక్కడి ఎంబెరా ఆదివాసీ వేటగాళ్లు ఊదుగొట్టపు బాణాల మొనలను బతికున్న కప్ప వీపు మీద రుద్ది విషం పట్టించుకునేవారు. ఐయూసీఎన్ ఎరుపు జాబితాకెక్కిన ఈ జీవిని కాపాడాలా వద్దా అన్నదానిలో పెద్దగా వివాదం లేదు. కాపాడటమంటే దేన్ని కాపాడటమన్నదే తేలాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఆధారం ప్రయోగశాలలోనే దొరికింది. అడవి నుంచి పట్టి తెచ్చిన కప్పల్లో విషం ఏళ్ల తరబడి నిలిచింది. గాజు తొట్టెల్లో పుట్టి పెరిగిన వాటి పిల్లల్లో మాత్రం అది లేదు. రంగు అదే, జన్యువులు అవే, తిండి ఒక్కటే వేరు. దగ్గరి బంధువులైన ఇతర విషకప్పల మీద జరిగిన పరిశోధనలు వాటి చర్మంలోని అనేక ఆల్కలాయిడ్ విషాలు చీమల నుంచీ, ఆకు చెత్తలో ఉండే సూక్ష్మమైన మైట్ల నుంచీ వస్తున్నాయని చూపాయి. పసిఫిక్ ఆవలి గట్టున ఉన్న న్యూగినీలో పిటోహుయి అనే పక్షి ఈకల్లో ఇదే కోవ విషం ఉందని 1992లో బయటపడింది. ఆ తర్వాత అక్కడి చిన్న పెంకు పురుగుల్లోనూ అది కనిపించింది. కప్పకూ పక్షికీ చుట్టరికం లేదు. రెంటికీ విషం ఆహారం ద్వారానే అందుతోందనడానికి ఇంతకంటే బలమైన సూచన అక్కర్లేదు. కొలంబియా కప్పకు దాన్ని అందిస్తున్న జీవి ఏదో ఇంకా నిర్ధారణ కాలేదు. అది ఏదైనా, ఈ విషం ఒక జాతి సొంత గుణం కాదు. నేల, ఆకు చెత్త, పురుగు, కప్ప కలిస్తేనే తయారయ్యే అడవి సంపద.

ఇది ఒప్పుకుంటే, జాతులను లెక్కపెట్టి సంరక్షణ ఫలితాలను కొలిచే పద్ధతి అసంపూర్ణమని తేలుతుంది. తొట్టెల్లో వెయ్యి కప్పలు ఉన్నా అడవి పోతే మిగిలేది ఆకారమే. ఈ నష్టం ఊహాజనితం కాదు. డాలీ 1974లో ఈక్వడార్‌లో సేకరించిన మరో చిన్న కప్ప చర్మంలో ఎపిబాటిడిన్ అనే పదార్థం దొరికింది. ఎలుకల మీద పరీక్షిస్తే అది మార్ఫిన్ కంటే దాదాపు 200 రెట్లు శక్తిమంతమైన నొప్పి నివారిణి అని తేలింది. 750 కప్పల చర్మాలు సేకరించినా ఒక్క మిల్లీగ్రాము కూడా చిక్కలేదు. నిర్మాణం తేలి ప్రచురితమయ్యేసరికి 1992 వచ్చింది. దాని విషగుణం వల్ల అది మందుగా మారలేదు, దాని ఆధారంగా తయారైన మరో మందు దుష్ప్రభావాల వల్ల పరీక్షల దశలోనే ఆగిపోయింది. అయినా నొప్పిని అణచడానికి నల్లమందు కోవకు చెందని మరో దారి ఉందని పరిశోధకులకు తెలిసింది. ఆ కప్ప అడవిలో కాక తొట్టిలో పెరిగి ఉంటే ఆ జాడ ఎవరికీ అందేది కాదు. నిర్మాణం తెలిశాక ప్రయోగశాలలో తయారు చేసుకోవచ్చన్నది నిజమే. కానీ అది తెలిసిన అణువుకు వర్తిస్తుంది, ఇంకా కనుక్కోని వాటికి కాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. కప్పలను చంపే కైట్రిడ్ బూజు వ్యాధికి అడవి సరిహద్దులు తెలియవు. పనామా బంగారు కప్ప 2009 తర్వాత అడవిలో కనిపించలేదు, నేడు తొట్టెల వల్లే బతికుంది. కొలంబియాలో చట్టబద్ధంగా పెంచి అమ్మే కప్పలు దొంగ రవాణాకు గిరాకీ తగ్గిస్తాయన్న వాదనలోనూ పస ఉంది. విషకప్పల వ్యాపారాన్ని 1987 నుంచి నియంత్రిస్తున్న సైటీస్ ఒప్పందం ఒక్కటే స్మగ్లింగును ఆపలేకపోయింది. అందుకే పెంపకాన్ని కొట్టిపారేయడం తెలివైన పని కాదు. అది బీమా. అడవికి బదులు మాత్రం కాదు. తొట్టిలో కప్పలు భద్రంగా ఉన్నాయన్న ధీమాతో అడవిని వదులుకుంటే బీమా సొమ్ము చేతికొస్తుంది, ఇల్లు మాత్రం ఉండదు.

మరి అక్కడి మనుషుల మాటేమిటి? ఆ తీరం పేదది, బంగారు గనులూ కోకా సాగూ అడవిని తినేస్తున్నాయి. కప్ప కోసం బతుకుతెరువు మానుకోమంటే ఎవరూ వినరు, వినాల్సిన పని కూడా లేదు. అయితే అక్రమ గనుల లాభంలో చాలా భాగం ఊరి బయటకే పోతుంది, పాదరసం కలిసిన నీళ్లు మాత్రం ఊరికే మిగులుతాయి. 1993 నాటి 70వ చట్టం పసిఫిక్ తీరపు నల్లజాతి సముదాయాలకు ఉమ్మడి భూహక్కును గుర్తించింది, ఆదివాసీలకూ తమ రక్షిత భూములు ఉన్నాయి. సంరక్షణ నిధులు పెంపకశాలలకన్నా ముందు ఆ హక్కులను అమలు చేయించడానికీ, గనుల ముఠాలను నిలువరించడానికీ, ఆ భూమిలో నిలబడి సంపాదించుకునే దారులకూ వెళ్లాలి. అడవిలోని కప్పల్లో విషం నిలిచి ఉందా అన్నదీ క్రమంగా పరీక్షించాలి. కప్పల సంఖ్య చెప్పని విషయం ఆ పరీక్ష చెబుతుంది.