పెరటి కోడికి లెక్క ఎక్కడ కుదురుతుంది?

ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో, ఢిల్లీ పొలిమేరకు చేరువగా వెలసిన ఇందిరాపురం నేడు బహుళ అంతస్తుల భవనాలకు పేరుపడిన నివాస ప్రాంతం. ఒకప్పుడు పొలాల నడుమ ఉండిన మకన్‌పుర్, కనావని వంటి గ్రామాలు ఇప్పుడు ఆ భవనాల మధ్య ఇరుకు వీధులుగా మిగిలాయి. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రాజధానికి కోళ్ళను సరఫరా చేసే ఘాజీపూర్ టోకు మార్కెట్ ఉన్నది. గిరాకీ ఇంత చేరువలో ఉండగా, మిద్దెమీద పది కోళ్ళనో, వసారాలో ఇరవై కౌజుపిట్టలనో పెంచుకొంటే నెలకు నాలుగు రాళ్ళు మిగలవా అనే ఆలోచన గృహస్థులకు కలగడం సహజమే. ఆ ఆలోచన ఎక్కడ ఫలిస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది తెలుసుకోవాలంటే ముందుగా దాణా సంగతి చూడవలసి ఉంటుంది.

గ్రాముల లెక్క

కోళ్ళ పెంపకంలో అయ్యే ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. రూపాయల లెక్క సంతకు సంతకు మారుతుంది గనుక, గ్రాములలో లెక్కించడమే మేలు. ఫారంలోని గుడ్ల కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తిని, ఏడాదికి 300 గుడ్లు పెడుతుంది. అనగా ఏడాదికి 40 కిలోల దాణా, గుడ్డుకు సుమారు 134 గ్రాములు.

నాటుకోడి ఏడాదికి 60 గుడ్లు పెట్టుననుకొందాం. దానికి రోజుకు 80 గ్రాముల చొప్పున మేత అంతా అంగడిలోనే కొని పోస్తే, గుడ్డు ఒక్కింటికి 487 గ్రాముల దాణా ఖర్చవుతుంది. ఫారం గుడ్డుకు పట్టే దాణాకు ఇది మూడున్నర రెట్లకు పైమాటే. నాటుగుడ్డుకు ధర ఎక్కువ పలకవచ్చును, పుంజుకు మంచి వెల రావచ్చును. అయినా ఇంతటి తేడాను పూడ్చడం కష్టం. పైగా, గుడ్డు పెట్టడం మొదలయ్యే వరకు నెలల తరబడి కోడి తిన్న తిండి ఈ లెక్కలో చేరనే లేదు.

కౌజుపిట్ట విషయమూ ఇంతే. ఈ జపాను జాతి పక్షిని 1974లో మన దేశానికి తెచ్చి, ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వద్ద ఇజ్జత్‌నగర్‌లో పరిశోధనలు సాగించారు. ఆరేడు వారాలకే గుడ్డు పెడుతుంది. చోటు కొంచెమే చాలు. అయితే రోజుకు 25 గ్రాములు తిని ఏడాదికి 250 గుడ్లు పెట్టే పిట్టకు గుడ్డు ఒక్కింటికి 36 గ్రాముల దాణా పడుతుంది. ఆ గుడ్డు బరువు పది గ్రాములకు కొంచెం ఎక్కువ. ఒక కోడిగుడ్డుకు సరితూగే ఐదు గుడ్లకు 180 గ్రాముల దాణా కావాలి. చోటు ఆదా అయినంత మాత్రాన తిండి ఆదా కాదు.

ఇక అమ్మకం మాట. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, తెలంగాణ దేశంలో ముందువరుసలో ఉన్నాయి. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ప్రకటించే ధరలను వ్యాపారులు ప్రతిదినం గమనిస్తుంటారు. వేలాది కోళ్ళ షెడ్డు యజమాని దాణాను లారీలలో దింపుకొంటాడు. మిద్దెమీద పది కోళ్ళను సాకే గృహస్థు అదే దాణాను చిల్లరగా కొని, అదే బజారులో అతనితో పోటీపడవలసి వస్తుంది.

పెరటి బలం

అదే కోడిని ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో ఒక పెరటిలో వదిలితే లెక్క తలక్రిందులవుతుంది. కళ్ళంలో రాలిన గింజ, పెంటకుప్పలోని పురుగు, చెద, గడ్డి చిగురు, కడిగిన గిన్నెల మెతుకులు దానికి ఆహారం. సాయంకాలం గూటికి చేరే వేళ ఇల్లాలు చల్లేది గుప్పెడు నూకలో, జొన్నలో మాత్రమే.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ ఇటువంటి పెరళ్ళ కొరకే వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. పెరటిలో తిరిగి మేసే గ్రామప్రియ ఏడాదికి సుమారు 160 గుడ్లు పెట్టగలదు. దానికి రోజుకు 30 గ్రాముల అదనపు మేత వేస్తే ఏడాదికి 11 కిలోలు. గుడ్డుకు 68 గ్రాములు. ఫారం గుడ్డులో ఇది సగమే. తక్కిన మేతకు పెరడే పెట్టుబడి.

అయితే మేలురకాలకు ఒక కొరత ఉన్నది. అవి సాధారణంగా పొదగవు. పిల్లలను మరల కొని తెచ్చి, మొదటి కొన్ని వారాలు దీపపు వెచ్చదనంలో సాకి, ఆ తరువాతనే బయటికి వదలాలి. నాటుపెట్ట గుడ్లు తక్కువ పెట్టినా, తానే పొదిగి, తానే పిల్లలను వెంట తిప్పుకొని గద్ద బారినుండి కాపాడుతుంది. పిల్లలు దొరకని మారుమూల పల్లెకు అదే మేలు.

మరొక హద్దు కూడా ఉన్నది. పెరడు మేపగలిగినది పది పదిహేను కోళ్ళను మాత్రమే. వాటికి లాభం వచ్చినదని మరో యాభై తెచ్చి వదిలితే పురుగులు, గింజలు చాలవు. అప్పుడు దాణా బస్తా కొనక తప్పదు. ఆనాటితో పెరటి కోడి ఫారం కోడి అవుతుంది. ఫారం కోడికి ఉన్న దిగుబడి మాత్రం దానికి రాదు.

గూడు ఖాళీ అయ్యే రాత్రి

చిన్న పెంపకాన్ని దెబ్బతీసేది ధర కంటె తెగులు. తెలుగునాట కొక్కెర తెగులుగా పేరుపడిన రాణిఖేత్ వ్యాధి సోకితే కొద్ది దినాలలో గూడంతా ఖాళీ కావచ్చును. పిల్లకు మొదటి వారంలో కంటిలో గాని ముక్కులో గాని చుక్కమందు, నాలుగవ వారంలో మరొక మోతాదు, ఎనిమిది పది వారాల వయసులో సూది మందు వేయించడం ఆచారం. కాని టీకా సీసాలు వందలాది మోతాదులుగా వస్తాయి. ఒకసారి కలిపిన మందును కొద్ది గంటలలోనే వాడివేయాలి. పది కోళ్ళున్న ఇల్లాలు ఒంటరిగా ఈ పని చేయలేదు. వీధిలోని వారందరూ ఒకే దినాన వేయించుకొంటే ఖర్చు పైసలలోకి దిగుతుంది.

తూర్పు గోదావరి మన్యంలో అడ్డతీగల ప్రాంతపు ఆదివాసీ మహిళలతో కలిసి ఆంత్ర అనే స్వచ్ఛంద సంస్థ అసీల్ జాతి కోళ్ళ పరిరక్షణకు పూనుకొన్నప్పుడు, టీకాలకూ రాత్రిపూట భద్రమైన గూళ్ళకూ ప్రాధాన్యమిచ్చింది. అక్కడి పాత పద్ధతియైన 'వాటా'ను కూడా పునరుద్ధరించింది. పెట్ట ఒకరిది, పెంపకం మరొకరిది. పిల్లలను ఇద్దరూ పంచుకొంటారు. అప్పు లేకుండా పేదింటికి కోడి చేరే మార్గమిది.

నగరంలో ప్రమాదం మరొక రూపంలో వస్తుంది. 2021 జనవరిలో పక్షి జ్వరం భయంతో ఢిల్లీ ప్రభుత్వం ఘాజీపూర్ కోళ్ళ మార్కెట్‌ను తాత్కాలికంగా మూసివేసింది. ఇటువంటి వేళ పెద్ద వ్యాపారి నష్టాన్ని కొంతకాలం ఓర్చుకొనగలడు. నెల ఖర్చుకు కోడినే నమ్ముకొన్న సంసారానికి ఆ ఓపిక ఉండదు.

మేకకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కట్టివేసి మేపడానికి తగిన బర్బరీ జాతి ఉత్తరప్రదేశ్‌లో ప్రసిద్ధమైనది. 1979లో మథుర జిల్లా మఖ్దూమ్‌లో ఏర్పడిన కేంద్ర మేకల పరిశోధన సంస్థ అధ్యయనం చేసే జాతులలో అదీ ఒకటి. బక్రీదుకు ముందు పొట్టేలుకూ మేకపోతుకూ మంచి ధర పలుకుతుంది. అయితే మేకకు దినానికి రెండు మూడు కిలోల పచ్చిమేత కావాలి. చెట్టు కొమ్మ, గట్టు గడ్డి ఉన్న ఇంటికి అది ఉచితం. మూటలు కొనే ఇంటికి అది రోజువారీ బాకీ.

'తిరిగి కొంటాం' అనే మాట

లాభాన్ని ముందే రాసి ఇచ్చే పథకాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2000 తరువాతి దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో ఎమూ పక్షులను పెంచారు. తమిళనాడులోని పెరుందురైలో, పిల్లలను తామే ఇచ్చి నెలనెలా సొమ్ము చెల్లిస్తామని డిపాజిట్లు సేకరించిన సంస్థ 2012లో కుప్పకూలి మదుపుదారులు రోడ్డున పడ్డారు. ఎమూ మాంసానికి జనంలో వాడుక లేదు. తినేవాడు లేని చోట తిరిగి కొనేవాడు ఎంతకాలం నిలుస్తాడు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇటువంటి పథకాలకు చక్కగా అతుకుతుంది. పిల్లను అమ్మేవాడు చెప్పే ధరను నమ్మక, అదే పక్షి మాంసాన్ని, గుడ్డును దగ్గరలోని అంగడిలో ఎవరు కొంటున్నారో విచారించడం క్షేమకరం.

కనుక ఇందిరాపురం మేడమీది వసారాలో కోళ్ళ పెంపకం సరదాకు సరిపోవచ్చును గాని ఆదాయానికి కాదు. కింద మట్టినేల లేదు, పక్కింటివారి సమ్మతి అవసరం, మేత యావత్తూ కొనుగోలే. పల్లె పెరటిలోని పది కోళ్ళు సంసారాన్ని పోషించకపోయినా, పిల్లల పలకా పుస్తకాలకు, జ్వరానికి మందుకు, పండుగకు ఒక పూట కూరకు, ఎవరినీ అడగకుండా ఇల్లాలి చేతికి సొమ్ము అందిస్తాయి. పెంపకం మొదలుపెట్టదలచినవారు కోడిని కొనకముందు ఒక వారం పాటు ఇంట్లో, పెరట్లో వృథాగా పోయే తిండిని కొలిచి చూసుకోవాలి. ఎన్ని కోళ్ళు ఉండాలో ఆ కొలతే చెబుతుంది.