హెల్మెట్ మీద పెట్టిన భారం

ప్రమాదం జరిగిన మర్నాడు తప్పకుండా వినిపించే మాట, 'ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తే ఇలా జరిగేది కాదు' అని. గనిలోనైనా ఫ్యాక్టరీలోనైనా కార్మికుడి నిర్లక్ష్యమే ప్రాణాలు తీస్తోందన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది. ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడు, చెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయించేదీ కార్మికుడి చేతే. ఈ నమ్మకం తప్పు. నేరం చనిపోయినవాడి మీద వేశాక అసలు కారణం జోలికి ఎవరూ పోరు.

విశాఖపట్నంలో మల్కాపురం చుట్టుపక్కల జరిగినవే చూడండి. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై, నిల్వ గోళాలు పేలి 60 మంది దాకా చనిపోయారు. 2013 ఆగస్టు 23న అదే రిఫైనరీలో కూలింగ్ టవర్ దగ్గర మంటలు లేచి 20 మందికి పైగా బలయ్యారు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేన్‌కు లోడు పరీక్ష చేస్తుండగా అది కూలి 11 మంది మరణించారు. క్రేనే కూలుతుంటే హెల్మెట్ ఎవరిని కాపాడుతుంది? గనుల సంగతీ అంతే. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 17 మంది సింగరేణి కార్మికులు మునిగిపోయారు. అవతల ఎంత నీరుందో, మధ్యలో ఎంత బొగ్గు మిగిలిందో తేల్చాల్సింది సర్వే, ప్లాను. బొగ్గు తీసేవాడి కంటికి అది ఆనదు.

కార్మికులు అజాగ్రత్తగా ఉండరా అంటే, ఉంటారు. రెండో షిఫ్టు కూడా చేసినవాడి చెయ్యి తడబడుతుంది, విశాఖ ఉక్కపోతలో హెల్మెట్ తీసి పక్కన పెట్టేవాడూ ఉంటాడు. మనిషి పొరబడతాడని ముందే తెలుసు గనుకే భద్రతా శాస్త్రం ఒక వరస పెట్టింది. మొదట ముప్పునే తొలగించాలి, కుదరకపోతే యంత్రంలోనే అడ్డుకట్ట వేయాలి, ఆ తర్వాత నిబంధనలు, చిట్టచివర హెల్మెట్, బూట్లు. చివరిది చౌక కాబట్టి మనం దాన్నే మొదటికి తెచ్చాం. మిగతావాటికి ఖర్చు భరించలేమనేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, చనిపోయినవాడి ఇంటిమీద పడింది.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి సేఫ్టీ కమిటీల్లో కార్మికులకు యాజమాన్యంతో సమానంగా చోటిచ్చారు, ముప్పు కనిపిస్తే హెచ్చరించే హక్కూ ఇచ్చారు. కానీ పనికిచ్చే పర్మిట్ మీద గ్యాస్ రీడింగు పొద్దుటిదనీ, వెల్డింగు సాయంత్రం చేయమంటున్నారనీ కాంట్రాక్టు కార్మికుడు ఎలా నోరెత్తుతాడు? అడిగితే రేపు గేటు పాసు ఉండదన్న భయం అతనిది. పని ఆపినవాడి పాసు రద్దు చేయకూడదని నిబంధన రావాలి, సేఫ్టీ కమిటీలో కాంట్రాక్టు కార్మికుడు కూర్చోవాలి, ప్రతి విచారణ నివేదికా కార్మికుల చేతికి అందాలి. ప్రతిజ్ఞ చేయాల్సినవాళ్లు ప్లాంటు నడిపేవాళ్లు.