కిడ్నీ పాడైతే రక్తమెందుకు తగ్గుతుంది?

ప్రశ్న: మా నాన్నకి 50 యేళ్ళు. షుగరు లేదు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పని చేసుకునే మనిషి. రెండేళ్ళ క్రితం కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. ఈమధ్య మొహం బాగా పాలిపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. హిమోగ్లోబిన్ 7.5 వచ్చింది. రక్తం పట్టడానికి వారం వారం ఇంజెక్షను చెయ్యాలన్నారు. "అది మొదలెడితే అలవాటైపోతుంది, బీటురూటు, దానిమ్మరసం, కొబ్బరినీళ్ళు పట్టించండి, రక్తం అదే పడుతుంది" అని చుట్టాలంటున్నారు. అసలు కిడ్నీకీ రక్తానికీ సంబంధం ఏమిటి డాక్టరుగారూ?
— ఒక పాఠకురాలు, భావనపాడు

జవాబు: అమ్మా, ముందు ఒక్క పని చెయ్యండి. ఆ రసాలు, కొబ్బరినీళ్ళు ఇవాళే ఆపెయ్యండి. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను. మీ ప్రశ్న మంచి ప్రశ్న. ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకి అవసరమైన ప్రశ్న కనుక జవాబు కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

రక్తం కిడ్నీలో తయారు కాదు. ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. ఆరోగ్యంగా వున్న మనిషిలో సెకనుకి సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుట్టుకొస్తూ వుంటాయి. ఒక్కో కణం ఆయుష్షు నాలుగు నెలలు. చచ్చిపోయిన వాటి స్థానంలో కొత్తవి రావాలి. మూలుగని వంటశాల అనుకోండి. ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి12 విటమిను అక్కడి సరుకులు. అయితే ఎంతమందికి వండాలో వంటవాడు తనంతట తాను నిర్ణయించడు. పైనుంచి కబురు రావాలి. ఆ కబురు పంపేది కిడ్నీ. ఆ కబురు పేరు ఎరిత్రోపోయిటిన్. ఇదొక హార్మోను. పెద్దవాళ్ళలో దాదాపు అంతా కిడ్నీలోనే తయారవుతుంది. కొంచెం లివరు నుంచి కూడా వస్తుంది.

మరి కబురు ఎప్పుడు పంపాలో కిడ్నీకి ఎలా తెలుస్తుంది? అసలు విశేషం ఇక్కడే వుంది.

మన జీవకణాల్లో దాదాపు అన్నిట్లోనూ డి.ఎన్.ఏ. అనే పొడుగాటి దారం వుంటుంది. సాగదీస్తే ఆరడుగులకి పైనే. మీ వైపు కొబ్బరిపీచు తాడు పేనడం చూసే వుంటారు. రెండు పోగులు ఒకదాని మీద ఒకటి మెలితిరిగి, మధ్యన పొడుగునా ఒక గాడి వుంటుంది కదా, డి.ఎన్.ఏ. కూడా అలాగే వుంటుంది. శరీరానికి కావలసిన మాంసకృత్తులన్నీ, అంటే ప్రొటీన్లన్నీ ఎలా తయారు చెయ్యాలో దాని మీద రాసి వుంటుంది. ఆ రాతకి నాలుగే అక్షరాలు. ఒక్కో ప్రొటీనుకి సంబంధించిన రాతని జన్యువు అంటారు. మనకి సుమారు 20 వేల జన్యువులున్నాయి. కంటిలోని కణంలోనూ, కాలిలోని కణంలోనూ, కిడ్నీలోని కణంలోనూ వుండేది అదే పుస్తకం. కాని అన్ని కణాలూ అన్ని పేజీలూ చదవవు. ఏ పేజీ తెరవాలి, ఏది మూసి వుంచాలి అని చూసుకునేవి కొన్ని ప్రత్యేకమైన ప్రొటీన్లు. ఇవి వచ్చి డి.ఎన్.ఏ. గాడిలో వేలు పెట్టినట్టుగా కూర్చుంటాయి. తాడు విప్పకుండానే, గాడిలోంచి తడిమి అక్షరాలని గుర్తుపడతాయి. తమకి కావలసిన అక్షరాల వరస దొరికితే అక్కడ అంటుకుని, రాతని నకలు తీసే యంత్రాంగాన్ని పిలుస్తాయి. నకలు తయారైతే దాన్నిబట్టి ప్రొటీను తయారవుతుంది.

ఎరిత్రోపోయిటిన్ జన్యువుని తెరిచే ప్రొటీను పేరు హిఫ్. దీన్ని అమెరికాలో గ్రెగ్ సెమెంజా 1990ల మొదట్లో కనిపెట్టాడు. 'సి, జి, టి, జి' అన్న అక్షరాలున్న చోటు దీనికి గుర్తు. ఆ వరస మన డి.ఎన్.ఏ.లో లక్షల చోట్ల వుంటుంది గాని, ఎక్కువ చోట్ల దారం గట్టిగా చుట్టుకుపోయి వుండడం వల్ల హిఫ్‌కి అందదు. కిడ్నీలోని కొన్ని కణాల్లో మాత్రం ఎరిత్రోపోయిటిన్ జన్యువు దగ్గర దారం వదులుగా వుంటుంది. అందుకే ఆ పని అక్కడ జరుగుతుంది.

తమాషా ఏమిటంటే, కణం హిఫ్‌ని ఎప్పుడూ తయారు చేస్తూనే వుంటుంది, చేసినదాన్ని చేసినట్టే నాశనం చేస్తూ వుంటుంది. వాకిట్లో ముగ్గు వేస్తూ వెంటనే చెరిపేస్తున్నట్టు! ఆక్సిజన్ బాగా వున్నప్పుడు హిఫ్ ఆయుష్షు కొద్ది నిమిషాలు. ఒక ఎంజైము ఆక్సిజన్‌ని వాడుకుని దాని మీద ఒక ముద్ర వేస్తుంది. ముద్రపడ్డ హిఫ్‌ని వి.హెచ్.ఎల్. అనే మరో ప్రొటీను పట్టుకుని చెత్తబుట్టకి పంపుతుంది. ఆక్సిజన్ తగ్గిందనుకోండి. ముద్ర పడదు. హిఫ్ బతికి, తన జతగాడితో కలిసి డి.ఎన్.ఏ. మీద కూర్చుంటుంది. జన్యువు తెరుచుకుంటుంది, కబురు మూలుగకి వెళుతుంది. లడఖ్ లాంటి ఎత్తైన చోట కొన్నాళ్ళున్న జవాన్లకి హిమోగ్లోబిన్ పెరిగేది ఇందువల్లనే. ఇదంతా వృథా ఖర్చులా కనిపిస్తుంది గాని, కొత్తగా తయారు చేసుకునే పని లేకుండా, చెరపడం ఆపితే చాలు, కబురు నిమిషాల్లో మొదలవుతుంది. ఈ సంగతులు విప్పి చెప్పినందుకే సెమెంజాకి, ఇంగ్లండులోని పీటర్ రాట్‌క్లిఫ్‌కి, అమెరికాలోని విలియం కేలిన్‌కి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. ఈ కబురు పంపే కణాలు కిడ్నీలో మూత్రనాళికల మధ్య ఖాళీల్లో వుంటాయి. ఉద్దానంలో కనిపించే జబ్బు ముఖ్యంగా దెబ్బతీసేది ఆ నాళికలనీ, వాటి మధ్య కండనీ. షుగరు, బి.పి. లేనివాళ్ళకి, పొలం పనులు చేసేవాళ్ళకి వస్తున్న ఈ జబ్బు శ్రీలంకలోనూ, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లోనూ కనిపించే జబ్బులాంటిదే. నీళ్ళా, ఎండా, పురుగుమందులా, నొప్పిమాత్రలా అన్నది ఇంతవరకు తేలలేదు. కారణం ఏదైనా, జబ్బు ముదిరినకొద్దీ కబురు పంపే కణాలు ఆ పని మానేసి మచ్చకణాలుగా మారిపోతాయి. పైగా పాడైన కిడ్నీ పని తగ్గించుకుంటుంది కనుక ఆక్సిజన్ వాడకం కూడా తగ్గుతుంది. అందువల్ల ఒంట్లో రక్తం సగానికి పడిపోయినా, మిగిలిన కణాలకి కొరత వున్నట్టు తెలియదు. హిఫ్ చెరిగిపోతూనే వుంటుంది. వంటశాలకి కబురు వెళ్ళదు.

అందుకని ఎన్ని రసాలు తాగించినా లాభం లేదు. సరుకు లేక వంట ఆగలేదు, కబురు లేక ఆగింది. పైగా నష్టం వుంది. బీటురూటు, దానిమ్మరసం, కొబ్బరినీళ్ళు మూడింట్లోనూ పొటాషియం ఎక్కువ. ఒక కొబ్బరిబొండాం నీళ్ళలో అటూ ఇటూగా అరగ్రాము వుంటుంది. ఆరోగ్యంగా వున్న కిడ్నీ దాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. పాడైన కిడ్నీ తొయ్యలేదు. రక్తంలో పొటాషియం మితిమీరితే ఏ హెచ్చరికా లేకుండా గుండె ఆగిపోవచ్చు. కొబ్బరిచెట్ల మధ్యన బతికేవాళ్ళకి కొబ్బరినీళ్ళు వద్దనడం నాకూ కష్టంగానే వుంది. ఏం చెయ్యమంటారు! పొటాషియం పరీక్ష చేయించి, ఆ అంకె చూసి డాక్టరు ఎంత తాగమంటే అంత.

మరి ఆ ఇంజెక్షను ఏమిటి? అది మత్తుమందూ కాదు, టానిక్కూ కాదు. కిడ్నీ పంపలేకపోతున్న ఆ కబురే. షుగరువాళ్ళు ఇన్సులిన్ తీసుకున్నట్టే. దాన్ని "అలవాటు" అనరు.

ఈ మందు కథ వింటే ఆశ్చర్యపోతారు. జపాన్‌లోని కుమమోటోలో మియాకే అనే డాక్టరు రక్తహీనత రోగుల మూత్రాన్ని ఏళ్ళ తరబడి పోగుచేశాడు. మూలుగ పనిచెయ్యని ఆ రోగుల్లో కిడ్నీ కబురు మీద కబురు పంపుతూ వుంటుంది, ఆ హార్మోను మూత్రంలోకి వస్తుంది. సుమారు 2,500 లీటర్ల మూత్రాన్ని ఎండబెట్టి షికాగోలోని గోల్డ్‌వాసర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అంత మూత్రం నుంచి 1977లో వాళ్ళు వేరుచేసినది కొద్ది మిల్లీగ్రాములు! 1980లలో ఆ జన్యువుని పట్టుకుని, చుంచెలుక జాతి జంతువు కణాల్లో పెట్టి హార్మోను తయారు చేయించడం నేర్చుకున్నారు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకు ముందు మీ నాన్నగారి లాంటి వాళ్ళకి నెలనెలా రక్తం ఎక్కించడమే గతి. ఈ మందునే సైకిలు పందాలవాళ్ళు దొంగచాటుగా వాడి పరువు పోగొట్టుకున్నారు, అది వేరే సంగతి.

రక్తం ఎక్కించడం ఇప్పుడైనా తప్పనిసరైనప్పుడే. ఇతరుల రక్తం ఎక్కించినప్పుడల్లా ఒంట్లో వ్యతిరేక పదార్థాలు పుట్టవచ్చు. రేపు కిడ్నీ మార్పిడి చెయ్యాలంటే సరిపడే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది.

ఇంజెక్షను మొదలుపెట్టే ముందు ఇనుము నిల్వ చూడాలి. ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అని రెండు పరీక్షలున్నాయి. కబురు వెళ్ళినా వంటశాలలో బియ్యం లేకపోతే అన్నం రాదు కదా. ఇంజెక్షను పనిచెయ్యలేదని వాపోయేవాళ్ళలో చాలామందికి అసలు లోటు ఇనుమే. మాత్రలు కాఫీ, టీలతో వేసుకోకూడదు. మాత్రలతో చాలకపోతే ఇనుముని నరానికి ఎక్కిస్తారు.

ఇంకొకటి. హిమోగ్లోబిన్ 14కో 15కో తీసుకెళ్ళాలని తొందరపడకండి. 13 దాటించాలని చూస్తే గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుందని 2006లోనూ, 2009లోనూ వచ్చిన పెద్ద పరిశోధనల్లో తేలింది. 10కి, 11కి మధ్య వుంటే మీ నాన్నగారు తోటదాకా నడిచి వెళ్ళగలరు, అది చాలు. ఈ మందుతో బి.పి. పెరగవచ్చు కనుక ప్రతి ఇంజెక్షనుకి ముందు బి.పి. చూపించండి.

ఇంజెక్షనుకి బదులు మాత్రలున్నాయట కదా అని మీరడగవచ్చు. ఉన్నాయి. హిఫ్ మీద ముద్ర వేసే ఎంజైముని ఆపేసే మాత్రలవి. హిఫ్ చెరగకుండా మిగులుతుంది, మిగిలిన కణాలూ లివరూ మళ్ళీ కబురు పంపుతాయి. మన దేశంలో తయారైన డెసిడుస్టాట్‌కి 2022లో అనుమతి వచ్చింది. వారానికి మూడుసార్లు వేసుకోవాలి. అయితే హిఫ్ ఒక్క ఈ జన్యువునే తెరవదు. కొత్త రక్తనాళాలు పుట్టించే జన్యువులనీ, ఇంకా చాలావాటినీ తెరుస్తుంది. వి.హెచ్.ఎల్. ప్రొటీను పుట్టుకతోనే సరిగ్గా లేని కుటుంబాల్లో కిడ్నీలో, మెదడులో గడ్డలు వస్తాయి. అందుకని కాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళు డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పాలి. మందుల షాపువాడి సలహా మీద కొనుక్కునే మాత్రలు కావివి.

నడుంనొప్పికని, ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఇంట్లో వుంటే తీసి పారెయ్యండి. మిగిలిన కిడ్నీని కాపాడుకోవాలి.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ జబ్బులకని 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. కిడ్నీ డాక్టరుకి చూపించుకోవాలంటే ప్రతిసారీ విశాఖపట్నం పరుగెత్తకుండా ముందు అక్కడ అడగండి. మీ ఇంట్లో మిగతావాళ్ళు కూడా ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, కాళ్ళు వాచవు.

ఇంజెక్షను ఇంటికి తెచ్చుకోమంటే ఒక జాగ్రత్త. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుంచాలి. పలాస నుంచి భావనపాడు దాకా బస్సులో ఎండకి తేవద్దు. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, మందుని గుడ్డలో చుట్టి, ఐసుకి ఆనకుండా పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్ వుంటే మధ్య అరలో పెట్టాలి, పైన ఐసుగడ్డల అరలో కాదు. సీసాని కుదపకూడదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు, ఖరీదు చూసుకోకుండా పారెయ్యండి.