జ్వరం తగ్గాక బిస్కెట్లేనా?

జ్వరం తగ్గి వారమైనా ముసలివాళ్లకు టీ, బిస్కెట్లే పెడతారు. అడిగితే "గుడ్డు వేడి కదా హకీం సాబ్" అంటారు. ఇలాగైతే నీరసం ఎప్పుడు పోవాలి? పచ్చసొన కొంచెం వేడి, తెల్లసొన చలువ. కలిస్తే ఇంచుమించు సమమని యునానీ లెక్క.

రోమ్‌లో 'స్ట్రాచాతెల్లా' అనే గుడ్డు సూపు చేస్తారు. మా జాలీనూస్, అదే గేలెన్, వైద్యం చేసిన ఊరు అది. ఆ మాటకు గుడ్డపీలికలని అర్థం. చేయడం బహు తేలిక. లీటరు కోడి యఖ్నీ వడగట్టి మరిగించండి. మూడు గుడ్లు, మూడు చెంచాల పార్మెజాన్ చీజ్ తురుము, చిటికెడు జాజికాయ పొడి (మా అలమరాలోని జౌజ్‌బువా అదే!) గిలక్కొట్టి, మరిగే యఖ్నీలో సన్నధారగా పోస్తూ తిప్పండి. రెండు నిమిషాల్లో గుడ్డు పీలికలై తేలుతుంది. పచ్చిగా మాత్రం దించకండి. అక్కడ కొందరు చెంచాడు రవ్వ కూడా కలుపుతారు. అరగని వాళ్లకు మొదట అరకప్పు చాలు.

చీజ్‌లో ఉప్పుంటుంది, రుచి చూశాకే ఉప్పు వేయండి. బీపీ ఉంటే చీజ్ మానేయండి. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడిగి తాగాలి.