కంపెనీ రాసిన అంకె ఆఖరు అంకె కాదు



ఇల్లు దెబ్బతిని దిగులుగా కూర్చున్న మనిషికి బీమా కంపెనీ నుంచి ఉత్తరం వస్తే ముందుగా కలిగేది సంతోషమే. ఎంతో కొంత వస్తోంది గదా అనుకుంటాడు. ఆ సంతోషంలోనే సంతకం పెట్టేస్తాడు. నష్టపోయేది అక్కడే.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి పనల మీద ఉన్న రోజులు. పంట గురించి అందరూ రాశారు, రాయవలసిందే. ఇళ్ళ సంగతి మాత్రం మరుగున పడిపోయింది. నాకు తెలిసిన ఒక రైతు ఉన్నాడు. సొంతం ఎకరంన్నర, కౌలుకు మరో రెండెకరాలు. ఆయనది బెంగుళూరు పెంకుల ఇల్లు. ఆ రాత్రి గాలికి పక్కనున్న చింతచెట్టు కొమ్మ విరిగి కప్పు మీద పడింది. సగం పెంకులు లేచిపోయాయి, టేకు దూలాలు రెండు విరిగాయి, వాసాలు చెదిరాయి. వారం రోజులు పశువుల పాకలో తలదాచుకున్నారు.

ఇంటి మరమ్మతుకని అంతకుముందే బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. అప్పుతో పాటు ఇంటికి బీమా చేసి, ప్రీమియం ఆయన ఖాతాలోంచే కోసుకున్నారు. ఆ ముక్క ఆయనకు తెలియదు. తుపాను తరువాత వాయిదా గురించి అడగడానికి వెళితే, “నీ ఇంటికి బీమా ఉందయ్యా, కాగితం పెట్టుకో” అన్నారట. ఆ మాట చెప్పినందుకు వారికి దణ్ణం పెట్టాలి. పాలసీ కాగితం మొదటి రోజే చేతికి ఇచ్చి ఉంటే ఇంకో దణ్ణం పెట్టేవాళ్ళం.

సర్వేయరు వచ్చాడు, ఫొటోలు తీశాడు, కొలతలు రాసుకున్నాడు. కొన్నాళ్ళకు 41,000 రూపాయలు ఇస్తామని ఇంగ్లీషులో ఉత్తరం, దాంతో పాటు పూర్తి పరిష్కారం కింద పుచ్చుకుంటున్నానని రాసి ఉన్న ఓచరు వచ్చాయి. మేస్త్రీ, వడ్రంగి కలిసి వేసిన అంచనా మాత్రం 1,16,000. మనవాడు ఓచరు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. “ఇచ్చినకాడికి తీసుకుందాం బాబాయ్, కంపెనీతో మనమేం పోట్లాడతాం” అన్నాడు. “ఆగరా అబ్బాయ్, ముందు వాళ్ళ లెక్క ఏమిటో చూద్దాం” అన్నాను.

సర్వే రిపోర్టు నకలు కావాలని రాసి తెప్పించాం. అడిగితే ఇవ్వవలసిందే, మీరూ అడగండి. అందులో నష్టం 74,000 అని కట్టి, ఇల్లు పాతది గనుక నూటికి 40 చొప్పున తరుగు కింద 29,600 తీసేశారు. విరిగిన కలప విలువ కింద మరో 3,400 తీసేశారు. మిగిలింది 41,000. అసలు 74,000 ఎలా వచ్చిందని చూస్తే, పెంకుల బదులు సిమెంటు రేకుల ధర, టేకు దూలాల బదులు నాటు కలప ధర వేశారు. టేకు దూలం పోతే నాటు దూలం ఇస్తామనడం, గేదె చచ్చిపోతే మేకను తోలుకు పొమ్మన్నట్టు లేదూ?

ఇక్కడ మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకు అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే రకం షరతులతో భారత్ గృహ రక్ష అనే పాలసీ ఇవ్వాలని నియంత్రణ సంస్థ నిర్ణయించింది. తుపాను, వరద, పిడుగు, అగ్నిప్రమాదం అన్నీ అందులో ఉన్నాయి. ఇంటికి దెబ్బ తగిలితే, దెబ్బ తగలకముందు ఏ స్థితిలో ఉందో దాదాపు ఆ స్థితికి తేవడానికి అయ్యే ఖర్చు ఇవ్వాలని దాని షరతు. ఇంట్లో సామాను బాగుచేయడానికి వీలులేకుండా పోతే, అలాంటిదే ఇంకోటి కొనే ఖర్చు ఇవ్వాలి. ఇల్లు పాతదని తరుగు కోసే షరతు అందులో లేదు. బీమా మొత్తం తక్కువగా రాయించుకున్నారు కాబట్టి ఆ నిష్పత్తిలోనే ఇస్తాం అనే కోత కూడా లేదు. ఆ మొత్తం దాటి ఇవ్వరు, అంతే. కలప విలువ తీసుకోవడం మాత్రం న్యాయమే. ఆ కలప మన దగ్గరే ఉండిపోయింది గదా.

మావాడి పాలసీ కూడా అదే. బడి పంతులు గారి చేత చదివించుకుని, తరుగు ఎందుకు తీశారు, రేకుల ధర ఎందుకు వేశారు అని రెండే ప్రశ్నలతో కంపెనీ ఫిర్యాదుల అధికారికి తెలుగులోనే ఉత్తరం రాశాం. మేస్త్రీ అంచనా, పెంకుల దుకాణం కొటేషను, పాత ఫొటోలు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాం. పాత ఫొటోలంటే ఏమీ లేదు, కూతురి ఓణీల ఫంక్షను ఆల్బం. వెనకాల దూలాలు చక్కగా కనబడుతున్నాయి! తిట్లు, శాపనార్థాలు రాయవద్దని ముందే చెప్పాను. కోపం కాగితం మీద పెడితే లెక్క మరుగున పడుతుంది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. తరుగు తీసేశారు, 70,600 ఇస్తామన్నారు. ధరల సంగతికి మాత్రం సర్వేయరు మాటే ఖాయమన్నారు. అది నిజం కాదు. సర్వే రిపోర్టు ఎవరూ దాటరాని ఆఖరు మాట కాదని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ 70,600 తీసుకుంటూ, మిగతా సొమ్ము మీద హక్కు వదులుకోవడం లేదని రసీదు మీద రాయించాను. తెలియక ఓచరు మీద ఇప్పటికే సంతకం పెట్టేసినవారు కూడా నీరుగారిపోవద్దు. మోసపుచ్చిగానీ ఒత్తిడి పెట్టిగానీ సంతకం తీసుకుంటే, ఆ ఓచరు మన హక్కుకు అడ్డం కాదని 1999లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఓచరు సంతకం చూపించి కోర్టుకు వెళ్ళే హక్కు కాదనకూడదని 2015లో నియంత్రణ సంస్థ కూడా కంపెనీలకు రాసింది. అయినా ముందే జాగ్రత్తపడటం మేలు.

తరువాత హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పంపాం. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోగా అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు. 50 లక్షల దాకా తగాదాలు వింటారు. అక్కడ మావాడికి మరో 28,000 వచ్చింది. మొత్తం 98,600.

మిగతా 17,400 సంగతేమిటంటారా? అందులో కలప కోత 3,400 పోను, 14,000 ఒక దూలం ధర. విరిగిన దూలాల్లో ఒకదాన్ని సర్వేయరు రాకముందే వాళ్ళమ్మ గారు పొయ్యిలోకి కొట్టించేసింది. చలికాలం, తడిసిన ఇల్లు, పొయ్యి రాజుకోవాలి గదా. ఆవిడను ఏమంటాం! కానీ చూపించలేని దూలానికి డబ్బు రాబట్టలేకపోయాం. విరిగిన పెంకులు, కలప, పాడైన టీవీ ఏదైనా సర్వే అయ్యేదాకా పారేయవద్దు, అమ్మవద్దు. వాన కురుస్తుంటే పట్టా కప్పుకోండి, కప్పక ముందు ఫొటో తీసుకోండి.

మన తప్పూ ఒకటి చెప్పాలి. ఎలాగూ కోస్తారని లక్ష నష్టాన్ని రెండు లక్షలని అంచనా రాయించేవారు మనలో ఉన్నారు. అబద్ధమని తేలితే ఆ క్లెయిము మొత్తం పోతుంది. ఆ తరువాత ఆ ఊళ్ళో నిజం రాసినవాడిని కూడా సర్వేయరు నమ్మడు.

కంపెనీలకు చెప్పేది వేరే ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం సర్వేయరును 24 గంటల్లో నియమించాలి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకోవాలి, ఆపైన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. సంతోషం. ఆ నిర్ణయమేదో తెలుగులో చెబితే ఇంకా సంతోషం. ఏ పద్దు కింద ఎంత కోశారో ఉత్తరంలోనే రాస్తే, సగం తగాదాలు పుట్టనే పుట్టవు. అలా రాయకుండా ఒక్క అంకె వేసి సంతకం చేయమనడం రైతు చదువుకోలేదన్న ధీమాతోనే అని నా అభిప్రాయం.

అంబుడ్స్‌మన్ దగ్గర కూడా న్యాయం జరగలేదనిపిస్తే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనబోటి చిన్న పాలసీలకు అక్కడా ఫీజు లేదు. ఫిర్యాదు ఎలా ఇవ్వాలో అడగడానికి 155255 నంబరుకు ఫోను చేయవచ్చు, ఉచితం. ఇంటి మీద గానీ, ఇంటి మరమ్మతుకు గానీ బ్యాంకు అప్పు ఉన్నవారు ఈసారి వాయిదా కట్టడానికి వెళ్ళినప్పుడు పాసుపుస్తకంలో బీమా పేరుతో కోత పడిందేమో చూసుకోండి. పడి ఉంటే పాలసీ నకలు చేతికి ఇచ్చేదాకా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.